రెండు తాళంచెవుల షట్టరు

మా ఇంటి షట్టరుకు రెండే తాళంచెవులు. ఒకటి మా నాయన మత్తయ్య దగ్గర, ఇంకొకటి మా చెల్లెలి భర్త ఏసుబాబు దగ్గర. మొన్నటి ఎండాకాలం కోదాడలో మా చర్చి సంఘమంతా ఈ ఒక్క లెక్కనే పట్టుకొని వేలాడింది. రెండు తాళంచెవులు, ఇద్దరు మనుషులు, అందులో నాయన సంఘపెద్ద. మిగిలింది ఎవరో తేల్చడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు.

నా పేరు జోసెఫ్. మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా ఫిట్టర్ పని చేస్తున్నాను. బేరింగులు మార్చడం, షాఫ్టులు సరిచేయడం నా బతుకు. ఏ మిషన్ ఎలా మూలుగుతోందో విని, జబ్బు ఎక్కడుందో చెప్పేస్తానని నాకు కాస్త పొగరు ఉండేది. నా సొంత ఇంటి తాళం సంగతి వచ్చేసరికి ఆ పొగరు ఏ గంగలో కలిసిందో ఇప్పుడు చెబుతాను.

షట్టరు అంటే మా ఇంటి ముందు, రోడ్డు వైపు ఉన్న గది. నాయన ఒకప్పుడు అంబాసిడర్ కారు కిరాయికి తిప్పేవాడు. దాన్ని పెట్టుకోవడానికి కట్టించాడు. కారు పోయింది, గది మిగిలింది. మేమెవరం దాన్ని గది అని పిలవం, షట్టరు అనే అంటాం. మా చెల్లెలు దీవెన పెళ్లయ్యాక కూడా మా ఇంటి వెనక వాటాలోనే కాపురం పెట్టింది. ఏసుబాబుది త్రిపురారం. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి, ఉన్నదల్లా ఒక ట్రాలీ ఆటో. ఆ ఆటోను ఆ షట్టరులో పెట్టుకునేవాడు కాబట్టి రెండో తాళంచెవి అతనికి వచ్చింది.

ఈస్టర్ పండుగ అయిన మరుసటి వారం పాత మందిరం రేకులు దించారు. ఆ జాగాలోనే స్లాబుతో కొత్తది కట్టాలని సంఘం నిర్ణయం. మందిరం సామానంతా ఎక్కడ పెట్టాలంటే, సంఘపెద్ద ఇంటి షట్టరును మించిన జాగా ఏముంటుంది? బల్లలు, మైకుసెట్టు, కొత్తగా కొన్న ఫ్యాన్లు, ఎనిమిది చుట్టల రాగి వైరు అన్నీ మా ఇంటికే వచ్చాయి. ఏసుబాబు తన ఆటోలోనే అన్నీ మోశాడు. జాగా చాలకపోతే ఆటోను బయట గోడవారన పెట్టి పైన టార్పాలిన్ కప్పుకున్నాడు. 

ఆ వైరు గురించి కాస్త చెప్పాలి. మా సంఘంలో ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీస్తారు. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, కడిగేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ప్రతి పూటా అంతే. నెలలో మొదటి ఆదివారం ఆ డబ్బాలు తెచ్చి మందిరంలో ముందు పెట్టిన గంపలో పోస్తారు. నాట్లకు పోయే ఆడవాళ్లు, పత్తి ఏరే ఆడవాళ్లు, పిల్లలకే చాలని రోజుల్లో కూడా ఆ పిడికెడు తీస్తారు. అలా రెండేళ్లు తీసిన బియ్యమే సూర్యాపేటలో ఆ వైరుగా మారింది. స్త్రీల సమాజానికి పెద్ద మా అమ్మ సుగుణమ్మ. వారానికి రెండుసార్లు షట్టరు తీయించుకొని, ఆ చుట్టల మీద దుమ్ము దులిపి వచ్చేది. ఇది మా ఆడోళ్ల కరెంటు అని మురిసిపోయేది.

మే నెల రెండో వారంలో మేమంతా సూర్యాపేటలో ఒక పెళ్లికి పోయాం. ఏసుబాబుకు లోడు ఉందని రాలేదు. మరునాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చాక, ప్రార్థన కూడికకు చాపలు కావాలని అమ్మ, నాయన దగ్గరి తాళంచెవి తీసుకొని షట్టరు తీసింది. ఫ్యాన్లు ఉన్నాయి, మైకుసెట్టు ఉంది. వైరు ఒక్క చుట్ట లేదు. అమ్మ అరవలేదు. అలాగే గడప మీద కూలబడింది. నా భార్య జ్యోత్స్న నీళ్లు తెచ్చి తాగించింది.

వెంటనే అందరూ నా వైపు చూశారు. ఇంట్లో ఫిట్టర్‌ను పెట్టుకొని వేరే ఎవరి వైపు చూస్తారు? నేను తాళంచెవి పెట్టి తిప్పాను. నూనె పోసినట్టు తిరిగింది. మళ్లీ తిప్పాను, మళ్లీ తిరిగింది. తాళం మీద గీత కూడా లేదు. రేకు ఎక్కడా వంగలేదు. మునగాల నుంచి ఇటు హైవే పొడుగునా మోటార్ల రాగి పీక్కుపోయే ముఠాలు ఉన్నాయని అందరికీ తెలుసు, కానీ వాళ్లు తాళాలు పగలగొట్టి పోతారు. ఇక్కడ పగిలింది ఏదీ లేదు.

"తాళం మంచిగనే ఉంది," అన్నాను. "తాళంచెవితోనే తీసిన్రు."

ఎంత తేలిగ్గా అన్నానో! ఆ మాట అన్న క్షణంలో నాకు ఏసుబాబు గుర్తుకు కూడా రాలేదు. మాట నోట్లోంచి పడ్డాక చూస్తే, అది నేరుగా పోయి అతని నెత్తిన కూర్చుంది.

పోలీసుల దాకా పోవద్దని నాయన పట్టుబట్టాడు. సంఘం సొమ్ము సంగతి సంఘమే చూసుకుంటుందన్నాడు. అప్పుడు ఆరాధన మా డాబా మీద పందిరి కింద జరిగేది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లను కూడా కూర్చోమని చెప్పి, పాస్టర్‌గారు, నాయన, రిటైర్డ్ హెడ్‌మాస్టర్ దావీదు సారు ముగ్గురూ ఏసుబాబును ముందుకు పిలిచారు. ఆ వారమే అతను పాత ఇనుము లోడు వేసుకొని సూర్యాపేట పోయి వచ్చాడని ఎవరో చెప్పారు. పాత ఇనుము కొనేవాడు రాగి కొనడా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని దావీదు సారు సామెత అందుకున్నాడు. సంఘపెద్దల కూటమిలో ఈశ్వరుడేమిటని వేరే రోజైతే నవ్వేవాళ్లం. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఏసుబాబు తాను తీయలేదని చెప్పాడు. రెండోసారి అడిగితే అదే మాట, మూడోసారి అడిగినా అదే మాట. నాయన లేచి వాక్యగ్రంథం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"దీని మీద చెయ్యి పెట్టి ఒక్క మాట చెప్పు. ఇగ నిన్ను ఎవ్వరు అడగరు."

ఏసుబాబు చేతులు కట్టుకొనే నిలబడ్డాడు.

"ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువే చెప్పిండు గద మామా. పోయిన నెల మీరే దాని మీద బోధ చేసిన్రు. తియ్యలేదంటే తియ్యలేదు. అంతకు మించి నేను చెప్పను."

అతను ఆ బోధను నమ్మాడు. చెప్పిన మనిషి మాత్రం నమ్మినట్టు లేడు. ఒట్టు వేయలేదంటే లోపల తప్పు ఉన్నట్టేనని పందిరి కింద గుసగుస మొదలైంది. అప్పుడు ఏసుబాబు నా వైపు తిరిగాడు.

"బావా, నువ్వు చెప్పు. ఆ తాళం సంగతి నీకు ఎరుక గద."

నా సాక్ష్యం అడుగుతున్నాడు అనుకున్నాను. లేచి, షట్టరు దగ్గర చెప్పిందే ఇక్కడా చెప్పాను. తాళం మంచిగనే ఉంది, నేనే రెండుసార్లు తిప్పి చూసిన అన్నాను. అతను నన్ను ఇంకాసేపు అలాగే చూశాడు.  తప్పు ఒప్పుకునే దాకా బల్ల నుంచి నిలిపేస్తున్నామని పాస్టర్‌గారు ప్రకటించారు. బల్ల అంటే ప్రభు భోజనం. రొట్టె, ద్రాక్షరసం అతనికి ఇవ్వరు. మా వాళ్లలో దానికంటే పెద్ద వెలి ఏదీ లేదు.

అయినా ఏసుబాబు ఆదివారం మానలేదు. తర్వాతి ఆదివారం వచ్చాడు, ఆ పై ఆదివారమూ వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే జాగాలోనే, నా పక్కన కూర్చున్నాడు. జూన్ మొదటి ఆదివారం బల్ల రోజు. రొట్టె పళ్లెం పట్టుకొని వరస వెంట వస్తున్నది నాయనే. నా దగ్గర ఆగాడు, నేను తీసుకున్నాను. ఏసుబాబు దగ్గర ఆగకుండా అవతలి మనిషి దగ్గరికి పోయాడు. ఏసుబాబు తల దించుకోలేదు, ఎత్తలేదు. పళ్లెం పోయిన వైపు కాకుండా నా వైపు చూశాడు. నా నోట్లో రొట్టె ముక్క ఇంకా కరగలేదు.

సోమవారం పొద్దున్నే వాళ్ల సామాను ఆటోలోకి ఎక్కింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లోడ్లు దొరుకుతాయట. అమ్మ ఎంత బతిమిలాడినా దీవెన ఆగలేదు. పోతూ పోతూ తన పిడికెడు బియ్యం డబ్బా తెచ్చి అమ్మ కాళ్ల దగ్గర పెట్టింది.

"ఆ వైరుల నా పిడికెడు గూడ ఉందమ్మా. నా బియ్యం నేనే దొంగతనం చేసుకుంటనా?"

 ఆటో మలుపు తిరిగి పోయింది. రెండో తాళంచెవి అడిగి తీసుకోవాలన్న సంగతి కూడా ఎవరికీ తోచలేదు.

వైరు మళ్లీ కొన్నారు. జూన్ చివరి ఆదివారం మందిర ప్రతిష్ఠ అని ముహూర్తం కాని ముహూర్తం పెట్టారు. హైదరాబాద్ నుంచి, మా సంఘాలన్నిటికీ పైన ఉండే పెద్దయ్యగారు వస్తారని, భోజనాలు మా ఇంటి ముందేనని నాయన కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. అంతలో వానలు పడ్డాయి. నాలుగు రోజుల ముసురుకు షట్టరు తాళం బిగుసుకుపోయింది. తాళంచెవి సగం తిరిగి ఆగేది. నాయన పెనుగులాడి పెనుగులాడి, శనివారం సెలవు పెట్టి దాని సంగతి చూడమని నాతో అన్నాడు. లోపలి సామాను ఆదివారం పొద్దున్నే మందిరానికి పోవాలి.

పొద్దున ఎనిమిదింటికి పని మొదలుపెట్టాను. కిరసనాయిలు పోసి, కాసేపు నాననిచ్చి, మెల్లగా ఆడించి ఎలాగో తెరిచాను. షట్టరును నడుము ఎత్తుకు లేపి, కింద ఒక కర్ర ఆన్చాను. లేకపోతే జారుతుంది, స్ప్రింగులు ముసలివైపోయాయి. పోయినసారి దీన్ని విప్పినప్పుడు కర్ర ఆన్చిన గుర్తు లేదే అని ఒక్క క్షణం అనిపించింది. మరి అప్పుడు ఎలా నిలబడిందో అంతవరకు ఆలోచన పోలేదు. మరలు విప్పి తాళం కిందికి దించాను. లోపలి స్ప్రింగు తుప్పు పట్టి విరిగింది. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన స్ప్రింగు వేసి, గ్రీజు పూసి, మళ్లీ బిగించాను. గంట పని. తాళంచెవి నూనె పోసినట్టు తిరిగింది.

ఫ్యాక్టరీలో మాకొక అలవాటు ఉంది. ఏ పని చేసినా లోడు మీద పెట్టి చూడకుండా చేతులు కడగం. షట్టరు కిందికి దించి, తాళం వేసి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకొని, పిడి పట్టుకొని పైకి లాగాను.

లేచింది.

తాళం వేసిన షట్టరు మోకాలి దాకా లేచింది. దించి, మళ్లీ తాళం తీసి, వేసి, లాగాను. మళ్లీ లేచింది.

కింద కూర్చొని చూశాను. ఇలాంటి షట్టరుకు మధ్యలో తాళం ఉంటుంది. తాళంచెవి తిప్పితే అటూ ఇటూ రెండు ఇనుప పట్టీలు జరిగి, రెండు పక్కల గోడ కమ్ముల్లో ఉన్న గాట్లలోకి దూరతాయి. షట్టరును పట్టి ఉంచేది ఆ పట్టీలే. మా షట్టరు పట్టీల కొసలు గాట్ల దాకా పోవడమే లేదు. ఎవరో వాటిని కోసేశారు. కోత నున్నగా ఉంది, అంచులు ఏటవాలుగా రాసి ఉన్నాయి. ఎవరి చేతి కోత వాళ్లకు తెలుస్తుంది. ఆ కోత నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడాదిన్నర కింద, వానలకు షట్టరులోకి నీళ్లు వస్తున్నాయని నాయన లోపల, గడప దగ్గర రెండంగుళాలు సిమెంటు పోయించాడు. నేల లేచింది కాబట్టి షట్టరు రెండంగుళాలు పైనే ఆగిపోయింది. పట్టీలు గాట్లకు ఎదురు రాక, కమ్మికి కొట్టుకొని తాళంచెవి తిరగనే లేదు. ఆ మరునాడు క్రిస్మస్. ఇంటి నిండా చుట్టాలు. నేను గ్రైండర్ తెచ్చి, అడ్డం వస్తున్న పట్టీల కొసలు కోసి పారేశాను. తాళంచెవి హాయిగా తిరిగింది. వచ్చే ఆదివారం కమ్ములకు పైన కొత్త గాట్లు కొట్టి, పట్టీలకు అతుకు వేస్తానని అన్నాను. ఆ ఆదివారం ఫ్యాక్టరీలో సిమెంటు కాల్చే కొలిమిని ఆపి చేసే షట్‌డౌన్ పని పడింది, పోయాను. మళ్లీ ఆ పని మొహం చూడలేదు. మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకుంటున్నాను.

ఏడాదిన్నరగా మా షట్టరుకు తాళమే లేదు. తిరుగుతున్న తాళంచెవి ఉంది, అంతే. తాళం తిప్పకుండా షట్టరు లేపే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. దారిన పోయే ఏ దొంగ చెయ్యి వేసి లాగినా అది లేచేది. నేను రెండుసార్లు తాళం తిప్పి చూశాను తప్ప, ఒక్కసారైనా పట్టి లాగి చూడలేదు.

నాయనను పిలిచి చూపించాను. ఆయన నమ్మక, తనే పిడి పట్టుకొని లాగాడు. షట్టరు లేచింది. దాన్ని వదిలిపెట్టకుండా అలాగే పట్టుకొని నిలబడ్డాడు. చేతిలో చాటతో అమ్మ లోపలి నుంచి వచ్చింది. నేను చెప్పిందంతా విన్నది.

"అల్లున్ని పిలువు," అంది. "సంఘం ముంగట గిట్లనే తాళమేసి ఎత్తి సూపియ్యి. అప్పటిదాంక దాన్ని ముట్టకు."

నాయన షట్టరు కిందికి దించాడు.

"రేపు ప్రతిష్ఠ. పెద్దయ్యగారు వస్తున్నరు. ఇప్పుడు ఈ ముచ్చట తీస్తే మందిరంల కొట్లాట అయితది. ముందు తాళం బాగు చెయ్యిరా. పిల్లగాని సంగతి తర్వాత నేను సూస్త."

నేను కదలకపోతే నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. తప్పు ఎవరిదంటారో ఆలోచించుకోమన్నాడు. దొంగదని ఎవరూ అనరని, సంఘపెద్ద కొడుకు పట్టీలు కోసి, సంఘం ముందు నిలబడి తాళం బాగుందని సాక్ష్యం చెప్పాడని అంటారని వివరంగా చెప్పాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. నాకు భయం వేసింది. ఆ రోజు నేను చేసిన దానికి ఇంతకంటే మంచి పేరు పెట్టాలని చాలా చూశాను, దొరకలేదు.

చౌరస్తాలో కిష్ట్యా వెల్డింగ్ షాపు నుంచి మిషన్ తెచ్చాను. కమ్ములకు రెండంగుళాలు పైన కొత్త గాట్లు కోశాను. పట్టీలకు అతుకులు వేసి, రాసి, కొలిచి, మళ్లీ రాశాను. పాత కోత వెల్డింగ్ కింద పోయింది. దాని మీద నల్లరంగు కూడా వేశాను. సాయంత్రం నాలుగింటికి తాళం వేసి, రెండు చేతులతో పట్టుకొని, కాలు గోడకు తన్ని లాగాను. వెంట్రుకంత కదలలేదు. అంత శుభ్రమైన పని నేను ఫ్యాక్టరీలో కూడా ఎన్నడూ చేయలేదు. ఏసుబాబు వైపు మాట్లాడే సాక్షి లోకంలో అదొక్కటే ఉండేది. దాని నోరు నా చేతులతోనే మూశాను.

ఆ పూట అమ్మ ఎసట్లో బియ్యం పోస్తుంటే నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. కొలిచిన బియ్యం కొలిచినట్టే పోసేసింది. పిడికెడు తీయలేదు.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. పెద్దయ్యగారు నాయనకు శాలువా కప్పారు. ఆ తర్వాత సోమవారం, మంగళవారం నాయన నోట ఏసుబాబు మాట రాలేదు. అడిగితే సూస్త అన్నాడు. ఆయన చూసే మనిషి కాదని అర్థమైంది. నా వారపు సెలవు బుధవారం. బస్సెక్కి మిర్యాలగూడ పోయాను.

మిల్లుల వెనక ఒక రేకుల గదిలో ఉంటున్నారు. ఏసుబాబు తవుడు బస్తాలు దించి అప్పుడే వచ్చినట్టున్నాడు, ఒళ్లంతా తవుడు. నన్ను చూసి నులకమంచం వాల్చాడు. దీవెన నీళ్లు ఇచ్చి లోపలికి పోయింది. బస్సులో దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ పోయి, ఆ షట్టరు పట్టీలు అని మాత్రం అన్నాను. 

"ఎరుకే బావా," అన్నాడు ఏసుబాబు. "నువ్వు కోస్తుంటే షట్టర్ ఎత్తి పట్టుకున్నది నేనే గద."

మొన్న నేను కర్ర ఆన్చిన చోట ఆనాడు నిలబడింది అతనే. పాట పాడుకుంటూ, చేతులు నొప్పి పుడుతున్నాయి బావా, తొందరగా కానియ్యి అంటూ నవ్వాడు. అంతా ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చింది. ఎలా మరిచిపోతాను? అయినా మరిచిపోయాను. పట్టీలు కోసిన సంగతి మరిచినవాడికి పట్టుకున్న మనిషి గుర్తుంటాడా?

ఆ రోజే అందరి ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగే హక్కు నాకు లేదని తెలిసే అడిగాను.

"నిన్ను అడిగిన గద. దొంగ అని నిలబెట్టినోని మాట ఎవరు వింటరు? నువ్వు చెప్పాలె. మరిసినవో, మామ కోసం అట్లన్నవో నాకు తెల్వదు. ఇయ్యాల కాకుంటే రేపు చెప్తవని మూడు ఆదివారాలు నీ పక్కన కూసున్న."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇప్పుడైనా వస్తే సంఘం ముందు నిజం చెబుతానని, అందరికీ చూపిస్తానని గబగబా అన్నాను. అప్పుడు లోపలి నుంచి దీవెన గొంతు వినబడింది.

"ఏం సూపిస్తవ్ అన్నా? ఇంకా గట్లనే ఉన్నదా, బాగు చేసినవా?"

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. వెల్డింగ్ రవ్వలు పడి కాలిన మచ్చలు ఇంకా మానలేదు. చేసిన అన్నాను.  ఏసుబాబు లేచి, ఆటో తాళాల గుత్తి తీసి, అందులోంచి ఒక తాళంచెవిని గోటితో విడదీశాడు.

"ఇన్ని దినాలు దీనితోని పనే లేకుండె. ఇప్పుడు పడతది. తీస్కపో బావా."

అన్నం తిని పొమ్మని వాళ్లు అనలేదు. మా చెల్లెలి ఇంటి నుంచి తినకుండా రావడం నాకు అదే మొదలు. ఇంటికి వచ్చాక అమ్మ ఎదురొచ్చి, ఏమన్నాడని అడిగింది. జరిగింది చెప్పి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని పిడికిట్లో పట్టుకొని లోపలికి పోయింది.

ఆ వారం చివర జులై మొదటి ఆదివారం. కొత్త మందిరంలో కొత్త ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నాయన శాలువా కప్పుకొని ముందు వరసలో కూర్చున్నాడు. పాట మొదలవ్వగానే ఆడవాళ్లు డబ్బాలతో లేచారు. ఎప్పటిలాగే అందరికంటే ముందు మా అమ్మ. గంప దగ్గరికి పోయి మూత తీసి, డబ్బా బోర్లించింది. ఒక్క గింజ పడలేదు. ఖాళీ గంపలో ఇనుప ముక్క టంగుమని పడింది.

పాట ఆగిపోయింది. దావీదు సారు వంగి, ఆ తాళంచెవిని తీసి, కళ్లజోడు సర్దుకొని చూశాడు. ఇదేమిటమ్మా అని అడిగాడు.

"మా అల్లుడు పంపిండు," అంది అమ్మ. అని, తిరిగి నా వైపు చూసింది.

మిగతాది అనాల్సింది ఆమె కాదు. మందిరంలో ఉన్న ప్రతి మొహమూ ఆమె చూపు వెంటే తిరిగి నా మీదికి వచ్చింది. నాయన మాత్రం తిరగలేదు, శాలువా అంచు మడతపెడుతూ కూర్చున్నాడు. నా పక్కన ఏసుబాబు కూర్చునే జాగా ఖాళీగా ఉంది. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె సిద్ధంగా ఉంది. మా అమ్మ ఖాళీ డబ్బా పట్టుకొని అక్కడే నిలబడింది, నా కోసం.

"ఏంది జోసెఫ్?" అన్నాడు దావీదు సారు. "షట్టర్ తాళానికి ఏమన్న అయ్యిందా?"

నేను లేచి నిలబడ్డాను. నిలబడేదాకా చెప్పాలనే ఉంది.

"ఏం లేదు సార్," అన్నాను. "తాళం మంచిగనే ఉంది."

ఆ మాట అనడం నాకు అది మూడోసారి. ఈసారి అందులో అబద్ధం లేదు.